రంగుల పడవ ఇళ్ళు – ఫొటోలో అసలు రంగు



పట్టుచీర కొనడానికి వెళ్ళినప్పుడు మనందరం చేసే పని ఒకటుంది. చీర నచ్చాక, బేరం కూడా కుదిరాక, చివర్లో “ఒక్కసారి గుమ్మంలోకి తెచ్చి చూపించు బాబూ” అంటాం. షాపులో దీపాల కింద నెమలికంఠం రంగులా మెరిసిన చీర, గుమ్మంలోకి వచ్చేసరికి ఉత్త ఆకుపచ్చయి కూర్చుంటుంది. షాపు కుర్రాడు మోసం చెయ్యలేదు, చీరా మారలేదు. మారింది వెలుతురు. ఈ సంగతి తెలిసిన వాళ్ళకి కెమెరాలో రంగుల సెట్టింగులు అర్థం కావడం ఏమంత కష్టం కాదు. అవేవో మగవాళ్ళకీ, ఇంజనీరింగు చదివిన పిల్లలకీ వదిలెయ్యవలసిన విషయాలని నేనూ చాలాకాలం అనుకున్నాను. ఒక నీలం గోడ దగ్గర ఒకావిడ నవ్వుతూ అన్న మాటతో నాకు ఆ సంగతి పట్టించుకోక తప్పలేదు.

ఆ గోడ ఉన్నది అమెరికాలో, సాసలిటో అనే చిన్న ఊళ్ళో. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటితే వచ్చే మొదటి ఊరు అది. ఆ చుట్టుపక్కల ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోసే ఊళ్ళలో మన తెలుగు పిల్లలు బోలెడుమంది ఉద్యోగాలు చేసుకుంటున్నారు కదా. వాళ్ళ దగ్గరికి వెళ్ళిన అమ్మల్నీ అత్తగార్లనీ ఏ ఆదివారమో ఆ వంతెన దగ్గరికి తీసుకెళ్తారు. ఎర్రటి వంతెన పక్కన నిలబెట్టి ఓ ఫొటో తీసి, ఇంటికి తీసుకొచ్చేస్తారు. ఇంకొక పావుగంట కారు పోనిస్తే రిచర్డ్‌సన్ బే అనే లోతులేని ఉప్పునీటి పాయలో పడవ ఇళ్ళు కనిపిస్తాయి. నాలుగు వందలకి పైమాటే. డిండిలోనో, కేరళలోనో మనం ఒక రాత్రికి అద్దెకి తీసుకునే హౌస్‌బోటు కాదు ఇది. వీటిలో మనుషులు సంసారాలు చేస్తున్నారు. చెక్కలతో వేసిన పొడుగాటి నడవలు, వాటికి రెండువైపులా నీటి మీద ఇళ్ళు, గుమ్మాల ముందు పూలకుండీలు, పోస్టు డబ్బాలు. ఒక ఇల్లు ఆవపిండి రంగు, పక్కది వంకాయ రంగు, ఆ పక్కది మిరపపండు. ఎవరికి తోచిన రంగు వాళ్ళు వేసుకున్నారు.

ఈ ఊరు ఇలా ఎందుకు తయారయిందో రెండు ముక్కలు చెప్పాలి. తెలియకుండా ఫొటో తీస్తే అది మిఠాయి కొట్టు ఫొటోలా ఉంటుంది.

1937లో వంతెన తెరవక ముందు సాసలిటో ఒక ఫెర్రీ రేవు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక, 1942లో ఇక్కడ మారిన్‌షిప్ అనే ఓడల కర్మాగారం లేచింది. యుద్ధం ముగిసేలోగా 93 ఓడలు కట్టి నీళ్ళలోకి తోశారు. యుద్ధం అయిపోయింది, కర్మాగారం మూతపడింది. ఒడ్డునంతా పాత బల్లకట్లు, లైఫ్‌బోట్లు, పనికిరాని ఫెర్రీలు, కలప, ఇనుము పడున్నాయి. అద్దె కట్టలేనివాళ్ళు, చిత్రకారులు, ఊరి పద్ధతులు నచ్చనివాళ్ళు వచ్చి వాటి మీదనే ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడి వీధులకి గేట్ ఫైవ్, గేట్ సిక్స్ అనే పేర్లున్నాయి. అవి ఆ కర్మాగారం గేట్ల నంబర్లే.

జీన్ వార్దా అని, స్మిర్నాలో పుట్టిన గ్రీకు చిత్రకారుడొకాయన, మిత్రులతో కలిసి వాయేహో అనే పాత ఫెర్రీని కొని అందులోనే కాపురం పెట్టాడు. ఆయన బంధువే ఫ్రాన్సు దేశపు ప్రసిద్ధ దర్శకురాలు ఆన్యెస్ వార్దా. ఆవిడ 1967లో అక్కడికి వచ్చి ఆయన మీద ‘అంకుల్ యాంకో’ అని చిన్న సినిమా తీసింది. రంగుల్లోనే తీసింది. ఆ పడవల ఊరిని, ఆ మనిషిని రంగు లేకుండా చూపించడం కుదరదని ఆ సినిమా చూస్తే తెలుస్తుంది. అయితే ఇంకొకటి కూడా చెప్పాలి. 1970 ప్రాంతాల్లో పర్కిల్ జోన్స్ అనే ఫొటోగ్రాఫరు ఇదే గేట్ ఫైవ్ మనుషులని బ్లాక్ అండ్ వైట్‌లో తీశాడు. వాటిలో రంగు లేదని ఎవరికీ తోచదు, మొహాలు చూస్తూ ఉండిపోతాం. రెండూ సరైనవే. దేనికోసం తీస్తున్నామో వాళ్ళకి తెలుసు, అంతే.

1970ల్లో ఈ ఇళ్ళకి అనుమతులు లేవనీ, మురుగు నేరుగా నీళ్ళలోకి పోతోందనీ ప్రభుత్వం ఖాళీ చేయించబోయింది. చిన్న పడవలెక్కి అడ్డం నిలిచిన జనానికీ పోలీసులకీ ఏళ్ళ తరబడి పెనుగులాట జరిగింది. చివరికి పద్ధతి ప్రకారం రేవులు కట్టి, మంచినీళ్ళ గొట్టాలూ మురుగు గొట్టాలూ కరెంటూ ఇచ్చారు. ఒకప్పుడు అద్దె కట్టలేనివాళ్ళు కట్టుకున్న చోట ఇప్పుడు ఒక్కొక్క ఇల్లు మన లెక్కలో కోట్ల రూపాయలకి అమ్ముడుపోతోంది. ఇంకొంచెం లోపల, నడిపాయలో లంగరు వేసుకుని బతికే బీదవాళ్ళ పడవలు వేరు. ఆ లంగరు గొలుసులు నీటి అడుగున పెరిగే ఈల్‌గ్రాస్ అనే గడ్డిని చెక్కేస్తున్నాయని, మనుషులు కాపురం ఉండే పడవలని 2026 అక్టోబరులోగా అక్కడినుంచి తీసేయించాలని 2021లో అధికారులు ఒప్పందం చేసుకున్నారు. ముచ్చటైన రంగుల ఊరు అనుకుని కెమెరా తీస్తాం గానీ, అక్కడ ఉండనిస్తారా లేదా అన్న బెంగ ఆ ఊరికి ఎప్పుడూ ఉంది.

ఇక నా సంగతి. మా అల్లుడు తన కెమెరా నా చేతికిచ్చి, “మీరు నొక్కండి అత్తయ్యగారూ, మిగతాది అదే చూసుకుంటుంది” అన్నాడు. అదే చూసుకుంది. నీలం రంగు ఇల్లొకటి కనపడితే నొక్కాను. వెనక తెర మీద చూస్తే కొత్త రాణిమార్కు సిరాలా ధగధగలాడుతోంది. మా అమ్మాయి కూడా “బ్రహ్మాండంగా వచ్చిందమ్మా” అంది. ఆ ఇంటావిడ కుండీలకి నీళ్ళు పోస్తోంది. డెబ్భై దాటి ఉంటాయి. ఫొటో తీసినందుకు క్షమించమని తెర చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చూసి నవ్వి, “ఇల్లు మాదే, కానీ ఈ రంగు మాది కాదు” అంది. గోడ వైపు తిరిగి చూస్తే నిజమే. ఆ నీలం వెలిసిపోయి, ఉతికి ఉతికి మెత్తబడిన నేతచీరలా ఉంది. కిటికీ కింద దాదాపు బూడిదరంగు. వాళ్ళాయన పదకొండేళ్ళ కిందట వేసిన రంగట అది. ఆయన పోయాక మళ్ళీ వేయించలేదట. “ఉన్నంతకాలం ఉండనీ” అంది. నేను ఆవిణ్ణి అడక్కుండా గోడకి కొత్త రంగు వేసేశానన్నమాట.

ఇంటికొచ్చి అల్లుణ్ణి కూర్చోబెట్టి ఆ కెమెరా ఏం చేసిందో చెప్పమన్నాను. అది రెండు పనులు చేసింది.

మొదటిది ‘వివిడ్’ అన్న సెట్టింగు. కెమెరా ఏ కంపెనీదైనా, పేర్లు కొంచెం అటూ ఇటూగా స్టాండర్డ్, న్యూట్రల్, పోర్ట్రెయిట్, లాండ్‌స్కేప్, వివిడ్ అని కొన్ని ఉంటాయి. ఇవి వంటలో కారంలాంటివి. వివిడ్‌లో రంగు చిక్కబడుతుంది, వెలుగు నీడల తేడా పెరుగుతుంది. లాండ్‌స్కేప్‌లో ముఖ్యంగా ఆకుపచ్చ, నీలం పెరుగుతాయి. పోర్ట్రెయిట్‌లో మొహం రంగు మెత్తగా వస్తుంది. న్యూట్రల్‌లో అన్నీ తగ్గి ఉంటాయి, మొదటిసారి చూస్తే చప్పగా ఉందనిపిస్తుంది. ఫిల్ము రోజుల్లో ఈ నిర్ణయం రీలు కొనేటప్పుడే అయిపోయేది. 1935లో వచ్చి 2009 దాకా తయారైన కొడాక్రోమ్‌కి ఒక రంగు తీరు, 1990లో వచ్చిన ఫ్యూజీ వెల్వియాకి ఇంకొకటి. వెల్వియా ఎంత చిక్కటి రంగులిచ్చేదంటే, ఈనాటికీ ఆ కంపెనీ డిజిటల్ కెమెరాల్లో చిక్కటి సెట్టింగుకి ఆ పేరే ఉంది. అప్పుడు 36 ఫొటోలకీ ఒకే రీలు, ఒకే తీరు. ఇప్పుడు ఫొటో ఫొటోకీ మార్చుకోవచ్చు. మార్చుకోవచ్చని తెలిస్తే కదా!

కొత్తగా రంగు వేసిన ఇంటికి స్టాండర్డ్ చాలు, వివిడ్ అక్కర్లేదు. దానికి ఉన్న రంగే ఎక్కువ. వెలిసిన ఇంటికి న్యూట్రల్. నన్నడిగితే, వివిడ్ ఉపయోగపడేది మంచు కప్పిన ఉదయం, దూరం నుంచి వరసగా ఇళ్ళన్నీ తీసేటప్పుడు. మంచు రంగుని మింగేస్తుంది, దాన్ని కొంచెం వెనక్కి తెచ్చుకున్నట్టవుతుంది.

రెండోది వైట్ బ్యాలెన్సు. ఇది మనకి బాగా తెలిసిన పనే. తెల్లబట్టలు ఉతికాక పసుపు చాయ కనపడితే నీలిమందు పెడతాం. పసుపూ నీలమూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని బట్ట తెల్లగా కనిపిస్తుంది. కెమెరా చేసేది అచ్చంగా అదే. బల్బు వెలుతురు పసుపు, అందుకని నీలం కలుపుతుంది. నీడలో పడే వెలుతురు ఆకాశంనుంచి వస్తుంది కాబట్టి నీలం, దానికి పసుపు కలుపుతుంది. వెలుతురు చాయని కెల్విన్ అనే లెక్కలో చెప్తారు. మామూలు బల్బు 3000 లోపు, మధ్యాహ్నపు ఎండ 5500 దగ్గర, మబ్బు 6500, నీడ 7500 అలా. అంకె పెరిగినకొద్దీ వెలుతురు నీలం అవుతుంది. కెమెరా మీద ఎండకి సూర్యుడి బొమ్మ, మబ్బుకి మబ్బు బొమ్మ, నీడకి ఇంటి నీడ బొమ్మ ఉంటాయి. అంకెలు గుర్తులేకపోతే బొమ్మలు చాలు.

‘ఆటో’లో పెడితే నీలిమందు ఎంతో కెమెరాయే అంచనా వేసుకుంటుంది. రకరకాల రంగులున్న చోట దాని అంచనా బాగానే ఉంటుంది. చిక్కు ఎక్కడంటే, ఒకే రంగు గోడ ఫొటో అంతా నిండిపోయినప్పుడు. ఎదురుగా మిరపపండు రంగు గోడ తప్ప ఇంకేమీ లేకపోతే, పాపం దానికేం తెలుస్తుంది, వెలుతురే ఎర్రగా ఉందేమో అనుకుని ఎరుపుని తగ్గించేస్తుంది. అడుగు పక్కకి జరిగి తెల్ల తలుపు కలిసేలా తీస్తే, అదే గోడ మళ్ళీ ఎర్రబడుతుంది. ఒకే ఇంటికి నాలుగు ఫొటోలు, నాలుగు రంగులు! అంచేత ఈ పడవ ఇళ్ళ దగ్గర ఆటో వద్దు. సూర్యుడి బొమ్మ మీద పెట్టి, ఆ పూటంతా అలాగే ఉంచెయ్యండి. మబ్బు పడితే ఫొటో రవంత నీలంగా వస్తుంది. రానివ్వండి, ఆ పూట నిజంగానే అలా ఉంది కదా.

ఇరుకు నడవల్లో ఇంకొక విచిత్రం ఉంది. ఎర్ర ఇంటి ఎదురుగా తెల్ల ఇల్లుంటే, ఎండ ఎర్రగోడ మీద పడి తెల్లగోడ మీదికి గులాబి చాయ కొడుతుంది. పెళ్ళికూతురి బుగ్గ మీద చీర రంగు పడ్డట్టు. దాన్ని తప్పనుకుని దిద్దకండి. ఆ ఇళ్ళు ఎంత దగ్గర దగ్గరగా బతుకుతున్నాయో చెప్పేది ఆ చాయే.

ఎర్ర ఇళ్ళకి మరొక జాగ్రత్త కావాలి. మిరపపండు రంగు గోడ ఫొటోలో చెక్కల గీతలు, మేకులు, పగుళ్ళు ఏమీ లేకుండా ఎర్ర కాగితం అంటించినట్టు వచ్చిందనుకోండి, ఎరుపు పొంగిపోయిందన్నమాట. పాలు పొంగినట్టే. కెమెరా లోపలి గళ్ళలో సగం ఆకుపచ్చని చూసేవి, పావు వంతు ఎరుపుని, పావు వంతు నీలాన్ని చూసేవి. మొత్తం వెలుతురు సరిపోయిందని కెమెరా అనుకునేసరికి ఎరుపు గళ్ళు నిండిపోయి ఉండొచ్చు. వెలుతురు తగ్గించే మీట, ప్లస్సు మైనస్సు గుర్తులుంటాయి చూడండి, దాన్ని మైనస్ వైపు ఒకటి రెండు గీతలు జరిపితే చెక్కల గీతలు తిరిగొస్తాయి.

ఈ సెట్టింగులన్నిటికంటే ముందు చూసుకోవలసింది గడియారం. సాసలిటోకి పడమటి వైపు కొండలు, తూర్పు వైపు నీళ్ళు. పొద్దున నీళ్ళ మీదుగా వచ్చే ఎండ ఇళ్ళ మీద తిన్నగా పడుతుంది. సాయంత్రం తీరిగ్గా పోదాంలే అనుకుంటే, సూర్యుడు కొండ చాటుకి తొందరగా పోయి నీడ పడుతుంది. ఎండాకాలంలో పొద్దున్నే పొగమంచు కొండ మీదనుంచి పాలలా జారుతుంది. శాలువా లేకుండా వెళ్ళకండి, ఆగస్టులో కూడా చలే. సముద్రం పోటు వేళా కనుక్కోవాలి. పోటులో ఇళ్ళు తేలుతూ రంగులన్నీ నీళ్ళలో కనిపిస్తాయి. పాటులో నీళ్ళు లాగేస్తే కొన్నిచోట్ల బురదే మిగులుతుంది. బురద ఫొటో పనికిరాదని కాదు, ఇళ్ళు దేని మీద నిలబడ్డాయో అప్పుడే తెలుస్తుంది. వేసవి రాత్రుళ్ళు ఆ నీళ్ళలో ఒక జాతి చేప ఆడచేపల కోసం గంటల తరబడి హోరుమని మోత పెడుతుందట. 1980ల్లో ఆ పడవల వాళ్ళు అదేదో మోటారు చప్పుడనుకుని నిద్రలు పోగొట్టుకున్నారు. అది ఫొటోకి అందదు లెండి.

నీళ్ళ తళుకు తగ్గించడానికి పోలరైజరు అనే అద్దం లెన్సుకి తగిలిస్తారు. తిప్పుతుంటే తళుకు పోయి అడుగున ఉన్న రంగు చిక్కగా కనిపిస్తుంది. మంచి వస్తువే. కానీ పూర్తిగా తిప్పేస్తే నీళ్ళలో ఇళ్ళ నీడలు కూడా మాయమైపోతాయి. సగం తిప్పి ఆపడం మేలు.

తర్వాత దిద్దుకోవాలనుకునేవాళ్ళు ‘రా’ అనే పద్ధతిలో తీసుకోవచ్చు. మామూలు జేపెగ్ ఫొటో వేసేసిన దోసె, రా అంటే రుబ్బి పెట్టుకున్న పిండి. పిండి ఉంటే వైట్ బ్యాలెన్సూ, రంగు తీరూ ఇంటికొచ్చి మార్చుకోవచ్చు, ఉప్పు చూసుకుని వేసుకున్నట్టు. ఒక్క మాట, పొంగిపోయిన ఎరుపు పూర్తిగా పోయి ఉంటే పిండిలో కూడా దొరకదు.

ఫోనుతో తీసేవాళ్ళకి ఇన్ని సౌకర్యాలు లేకపోయినా, వివిడ్ లాంటి ఫిల్టర్లు తీసెయ్యడం చేతిలో పనే. చాలా ఫోన్లలో ప్రో అనే విభాగంలో వైట్ బ్యాలెన్సు ఉంటుంది. రాత్రి కళ్ళకి హాయిగా ఉండాలని ఫోను తెరని పసుపుగా మార్చుకుంటున్నారు కదా, ఆ తెర మీద చూసి ఫొటో రంగు బాగుందనీ బాగులేదనీ తేల్చకండి.

ఇవన్నీ వచ్చినా, మనం నిలబడేది వాళ్ళ వాకిట్లో అని మరిచిపోకూడదు. కొన్ని నడవల్లోకి పగటిపూట సందర్శకులని రానిస్తారు, కొన్నిటి ముందు వద్దని బోర్డు ఉంటుంది. గోడకీ మనకీ మధ్య రెండడుగుల దూరం. కిటికీలోంచి వాళ్ళ వంటిల్లు కనిపిస్తుంది, ఆరేసిన బట్టలు కనిపిస్తాయి. మన పెరట్లోకి ఎవరో వచ్చి కెమెరా ఎక్కుపెడితే ఊరుకుంటామా? మనిషి కనపడితే అడగండి, కిటికీలోకి తియ్యకండి, మూడుకాళ్ళ స్టాండు పెట్టి దారి మూసెయ్యకండి. ఊళ్ళోని పడవల రేవులో తాజ్‌మహల్ ఆకారంలో గుమ్మటాలతో కట్టిన పడవ ఇల్లు కూడా ఒకటుంది. మనవాళ్ళందరూ దాని ముందు ఫొటో దిగాలని సరదాపడతారు. అదీ ఒకరి ఇల్లే.

పదిహేను రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాం. పొద్దున పది గంటలు, పల్చటి మబ్బు. ఈసారి ముందే తలుపు తట్టి, మీ గోడని మీ రంగులోనే తీస్తానని చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఒక పాత రంగుడబ్బా మూత తెచ్చింది. వాళ్ళాయన వాడిన డబ్బా. మూత అంచున కారి ఎండిపోయిన నీలం గట్టిగా, నిగనిగలాడుతూ అలాగే ఉంది. “ఇది పక్కన పెడితే నీ కెమెరాకి తెలుస్తుందేమో” అంది. మూతని కిటికీ గట్టు మీద ఆనించి, న్యూట్రల్, సూర్యుడి బొమ్మ, ఒక గీత మైనస్ పెట్టి తీశాను. రెండు నీలాలూ ఒకే ఫొటోలో వచ్చాయి. తెర మీద ఫొటోనీ, ఎదురుగా గోడనీ, చేతిలో మూతనీ మార్చి మార్చి చూసి, తలూపి, మాకు టీ ఇచ్చింది.

మన ఊరొచ్చాక రెండు ప్రింట్లు వేయించాను, ఒకటి నాకు, ఒకటి ఆవిడకి పోస్టులో పంపడానికి. స్టూడియో వాళ్ళ మిషన్లు సాధారణంగా ఎస్ ఆర్ జి బి అనే లెక్కలోనే ఫొటో అడుగుతాయి. కెమెరాలో అడోబ్ ఆర్ జి బి అని ఇంకొకటి ఉంటుంది గానీ, అది పెట్టి ఇస్తే ప్రింటు వెలవెలబోయే ప్రమాదం ఉంది. నేను సరిగ్గానే ఇచ్చాను. అయినా స్టూడియో కుర్రాడు కంప్యూటర్లో చూసి, “మూత బాగా వచ్చిందండీ, గోడే డల్లుగా ఉంది. కొంచెం రంగు పెంచమంటారా?” అన్నాడు.

“వద్దు బాబూ, ఎలా ఉందో అలాగే వెయ్యి” అన్నాను.